పుట్టనివారి పేర అప్పు

మొసలి నోరు తెరిచింది. కేసరిమల్లుకు ఆ నోట్లోకి చూడాలని ఏమాత్రం లేదు గానీ చూడక తప్పలేదు, అంత దగ్గర్లో ఉంది మరి. కత్తిని పళ్ళ మధ్య కరిచిపట్టుకుని ఈదుతున్న మనిషికి దాన్ని చేతిలోకి తీసుకునే వ్యవధి ఎక్కడిది? బుడుంగున ఒక మునక వేశాడు. మొసలి దవడలు అతని నెత్తిమీద టప్పున మూసుకున్నాయి.

నీళ్ళ అడుగున బురద. బురదలో వేళ్ళు. ఆ వేళ్ళు కదిలి వచ్చి కాళ్ళకు చుట్టుకుంటున్నాయి. మాంత్రికుడి ఊబి కదా, అక్కడ చెట్టు వేరు కూడా పరాయివాణ్ణి పసిగడుతుంది. కేసరిమల్లు వేళ్ళను తెగ్గోసి, మొసలి పొట్ట కిందుగా జారి, అవతల తేలి, రెల్లుదుబ్బు పట్టుకుని ఒడ్డుకు పాకాడు. ఎడమ భుజం మీద చర్మం లేచిపోయి నెత్తురు ధారగా కారుతోంది. వెనక ద్వీపం మీంచి ఆ మాంత్రికుడు ధూమ్రజిహ్వుడి కాపలా గబ్బిలాలు కీచుమంటూ గుంపుగా లేచాయి. ఉత్తరీయం చింపి భుజానికి బిగించి, రెండో ఆలోచన లేకుండా గుర్రం ఎక్కాడు. ఇక ఆ గుర్రం పరుగు చూడాలి! దారిలో వంతెన కూలితే దూకింది, అడవి తగలబడుతుంటే పొగలోంచి దూసుకుపోయింది, సుంకపు ఠాణా దగ్గర అడ్డుకర్ర వేస్తే దాన్ని విరుచుకుపోయింది.

అంత తొందర ఎందుకంటారా? చెబుతాను.

కేసరిమల్లు రత్నకూట రాజ్యపు వేగు. దేశదేశాలు మారువేషాల్లో తిరిగి రాజుకు కబుర్లు తేవడం అతని పని. ఈసారి అతన్ని పంపింది ఒక వింత కారణం కనుక్కోవడానికి. రత్నకూటంలో కొన్నేళ్ళుగా పిల్లలు నెరిసిన జుట్టుతో పుడుతున్నారు. మొదట్లో ఒకటో అరో వెంట్రుక. తరవాత ఒక పాయ. ఇప్పుడు తలంతా. బొంగరాలాడే వయసులో కర్రపట్టుకు నడుస్తున్నారు, మీసం రాకముందే పోతున్నారు. వైద్యులు లేహ్యాలు నాకించారు, జోస్యులు శాంతులు చేయించారు. తల్లుల కడుపుకోత మాత్రం తగ్గలేదు.

కారణం ఇప్పుడు కేసరిమల్లుకు తెలుసు. ధూమ్రద్వీపపు గుహలో స్తంభం చాటున నక్కి అతను కళ్ళారా చూశాడు. గోడ పొడవునా నల్లకుండలు, మూతులకు గుడ్డలు, గుడ్డల్లోంచి పసిపిల్ల నవ్వంత వెలుతురు. మాంత్రికుడు శిష్యుడితో అంటున్నాడు, "రత్నకూటం వాళ్ళు నాకు బంగారం బాకీ ఉన్నామనుకుంటున్నారురా, వెర్రివాళ్ళు! బంగారం ఎవడికి కావాలి? వడ్డీ కింద పుట్టబోయేవాళ్ళ ఆయుష్షు తీసుకుంటున్నాను. ఇవాళ సాయంకాలం కొత్త అప్పు. అది ఖాయమైన క్షణం నుంచి ఆ రాజ్యంలో పుట్టే ప్రతి బిడ్డా మిగిలిన ఆ కాస్త బతుకులో కూడా సగం ఈ కుండల్లో పెట్టి పుడుతుంది."

ఆ మాట వినగానే కేసరిమల్లు గుహలోంచి బయటపడి నీళ్ళలోకి దూకాడు. ఇంటి దగ్గర అతని భార్య వకుళకు నెలలు నిండాయి. అదీ సంగతి.

రత్నకూటం కోటగుమ్మం కనిపించేసరికి పొద్దు పడమటికి వాలుతోంది. ఏం నగరమండీ అది! ప్రాకారం మీద ప్రాకారం, ప్రతి ద్వారానికీ పగడాల తోరణం, స్ఫటికపు మెట్ల కోనేటి మధ్య పన్నీరు విరజిమ్మే చిమ్మనగ్రోవులు, మేడల మీద పురివిప్పిన నెమళ్ళు, వీథుల్లో బంగారు గంటలతో ఘల్లుఘల్లుమంటూ నడిచే ఏనుగులు. పొగడని కవి లేడు. ఆ పద్యాల్లో ఒక్క సంగతి మాత్రం ఎవరూ ఇరికించలేదు. అందులో సొంత బంగారం గురిగింజ ఎత్తు కూడా లేదు. గోపురం మీద కలశం అప్పు, ఏనుగు మెడలో గంట అప్పు, పొగిడినందుకు కవిగారి చేతికి తొడిగిన కంకణం కూడా అప్పే.

ఈ గతి ఎలా పట్టిందంటే, ఆ రాజ్యసభ తీరు వినాలి. సింహాసనానికి రెండు పక్కలా రెండు వరసల మెట్లు. కుడిమెట్ల మీద మేడలూ గనులూ ఓడలూ ఉన్నవాళ్ళు కూర్చుంటారు. వాళ్ళ నాయకుడు భూరివసువు. పన్ను అన్న మాట చెవిని పడితే ఆయనకు ఒళ్ళు మండిపోతుంది. ఎడమమెట్ల వారి నాయకుడు ఉదారభట్టు. ఉత్సవాలు, సంతర్పణలు, ఊరూరా కానుకలు ఆయన సొత్తు. వాటిలో ఒక్క విస్తరాకు తగ్గించమన్నా నిలువునా గొంతు కోసినట్టు గగ్గోలు పెడతాడు. ఆయన పన్ను వెయ్యనివ్వడు, ఈయన ఖర్చు తగ్గనివ్వడు. మధ్యలో ఖజానాలో గాలి తప్ప ఏమీ మిగల్లేదు. ఇక మిగిలింది ధూమ్రజిహ్వుడి అప్పు.

అప్పు మాట వచ్చినప్పుడు ఆ సభలో ఎవరూ నోటితో అవుననరు, కాదనరు. తలపాగా తలమీద ఉంటే 'సరే'. తీసి ఒళ్ళో పెట్టుకుంటే 'వద్దు'. ఏ ఒక్క పక్క సరే అన్నా అప్పు ఖాయం. రాజముద్ర ఏటేటా చేతులు మారుతుంది. ముద్ర ఉన్నవాళ్ళు తలపాగాలతో దర్జాగా కూర్చుంటారు. లేనివాళ్ళు తీసేసి, "అయ్యో, రాజ్యం మునిగిపోతోంది!" అని గుండెలు బాదుకుంటారు. మరుసటి ఏడు ముద్ర ఇటు వస్తే వీళ్ళు తలపాగాలు పెట్టుకుని ఏడుపు అటు అప్పగిస్తారు. అటువాళ్ళు చేసిన పని ఇటువాళ్ళు చచ్చినా చెయ్యరు. వాళ్ళకున్న పరువల్లా అదొక్కటే.

మరి రాజు ఏం చేస్తున్నాడని అడుగుతారు. రెండు పక్కలూ ఒక్క మాట మీదికి వస్తే తప్ప రాజు పెదవి కదపకూడదని వాళ్ళ పూర్వీకుల కట్టుబాటు. పాపం, నందివర్ధన మహారాజు గొంతు ఎలా ఉంటుందో రాణీగారికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ సభలోకి కేసరిమల్లు బురదతో, నెత్తురుతో, గసపెడుతూ వచ్చి పడ్డాడు. చూసిందంతా చెప్పాడు. గుహ చెప్పాడు, కుండలు చెప్పాడు, మాంత్రికుడి మాట పొల్లు పోకుండా చెప్పాడు. రెండు పక్కలా తలలు వంగాయి. పైన అంతఃపుర స్త్రీల గవాక్షంలోంచి వెక్కివెక్కి ఏడుపు వినిపించింది. 'బతికాం, వీళ్ళకు బుద్ధి వచ్చింది' అనుకున్నాడు కేసరిమల్లు.

భూరివసువు గొంతు సవరించుకున్నాడు. "ఆ కుండల్లో మా ముద్ర ఉన్న ఏళ్ళవి ఎన్ని, వాళ్ళ ముద్ర ఉన్న ఏళ్ళవి ఎన్ని? ముందు అది తేల్చవయ్యా."

"తేల్చేదేముంది? సగానికి పైగా మీవే!" ఉదారభట్టు లేచి నిలబడ్డాడు. "మీ మేడల మీద కాణీ పన్ను కట్టి ఉంటే ఆ పసివాళ్ళు బతికేవాళ్ళు!"

"మీ సంతర్పణల్లో నేతిగిన్నెలు కాస్త చిన్నవి చేసి ఉంటే బతికేవాళ్ళు!"

"పిల్లల ఉసురు పోసుకున్నారు!"

"పోసుకుంది మీరు!"

కేసరిమల్లు రెండు చేతులూ జోడించాడు. "అయ్యలారా, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఎవరిది తప్పో రేపు తేల్చుకోండి. ఇవాళ ఒక్కపూట రెండు పక్కలా తలపాగాలు తీసెయ్యండి. అప్పు ఆగిపోతుంది. ఆ తరవాత మేడల మీద కొంత పన్ను, సంతర్పణల్లో కొంత కోత..."

అంతే.

"మేడల మీదా?" అన్నాడు భూరివసువు.

"సంతర్పణల్లోనా?" అన్నాడు ఉదారభట్టు.

"గెంటండి వీణ్ణి!" అన్నాయి రెండు వరసల మెట్లూ కలిసి.

రెండు పక్కలూ ఒక్క మాట మీదికి వచ్చాయి కనక కట్టుబాటు ప్రకారం మహారాజుకు మాట్లాడే హక్కు వచ్చింది. ఆయన లేచాడు. సభంతా చెవులు రిక్కించింది. "గెంటండి," అన్నాడు మహారాజు.

భటులు కేసరిమల్లును ఈడ్చుకెళ్ళి కోటగుమ్మం బయట విసిరేశారు. లేచి దులుపుకుంటుంటే అత్తగారు నాంచారమ్మ ఎదురుగా పరుగెత్తుకొస్తోంది. కొంగు నేలమీద జీరాడుతున్నా పట్టించుకోవడం లేదు.

"అల్లుడూ! వచ్చావా నాయనా? ఊరంతా నీకోసం వెతికాను. పిల్లకు నొప్పులు మొదలయ్యాయి. నీ పేరే కలవరిస్తోంది, ఇంటికి పద."

"అత్తా, మంత్రసాని ఏమంది? పొద్దుగూకే లోపల అవుతుందా?"

"తొలిచూలు, ఎప్పటికవుతుందో చెప్పలేనంటోంది. ఏం నాయనా, అలా అయిపోయావేం?"

కేసరిమల్లు రెండు మాటల్లో చెప్పాడు. పొద్దుగూకేలోపు పుడితే కొంత నయం, అప్పు ఖాయమయ్యాక పుడితే బిడ్డకు ఉన్న బతుకులోనూ సగం పోయినట్టే. నాంచారమ్మ నుదురు కొట్టుకుంది. "కడుపులో బిడ్డను తొందరపెట్టడం దాని చేతిలో ఉందా, నా చేతిలో ఉందా? మనం ఏనాడైనా ఆ బంగారం మొహం చూశామా? మనకెందుకు ఈ శిక్ష బాబూ?"

"నువ్వు వకుళ దగ్గర ఉండత్తా. ఆ అప్పు నేను ఆపుతాను."

అన్నాడే గానీ ఎలా ఆపాలో తెలియదు. తిట్టుకుంటూ కోటగోడ వెంట నడిచాడు. ఈ ఏడు ముద్ర కుడిమెట్ల వాళ్ళది. కనక ఎడమమెట్ల వాళ్ళు ఎలాగూ తలపాగాలు తీస్తారు, అది వాళ్ళ అలవాటు. ఇక కుడిమెట్ల వాళ్ళ చేత తీయించాలి. నిజం చెబితే తియ్యలేదు. మరి దేనికి తీస్తారు? ఎడమవాళ్ళు పెట్టుకుంటారని తెలిస్తే తీస్తారు!

ఆ ఊహ తట్టగానే గోడకు పాకిన అడవిమల్లె తీగ పట్టుకున్నాడు. సగం ఎక్కేసరికి పైనుంచి కావలివాడు బల్లెం విసిరాడు. అది చెవి పక్కగా రివ్వున పోయింది. అతను గోడ మీంచి గజశాల కప్పు మీదికి, కప్పు మీంచి మదపుటేనుగు వీపు మీదికి, అక్కణ్ణుంచి గడ్డివామిలోకి దూకాడు. ఏనుగు ఘీంకరించి గొలుసు తెంచుకుని తరుముకొస్తున్న భటుల మీదికి మళ్ళింది. ఆ గందరగోళంలో ఒక చామరధారిని చీకటి నడవలోకి లాగి, నోట్లో గుడ్డ కుక్కి, వాడి పట్టుఅంగీ, జరీ దట్టీ తను కట్టుకున్నాడు. మొహానికి ఇంత గంధం పూసుకున్నాడు. అంగీ కింద భుజం మళ్ళీ నెత్తురోడుతూనే ఉంది.

అతను వింజామర పట్టుకుని భూరివసువు వెనక నిలబడేసరికి సభలో దీపాలు వెలిగిస్తున్నారు.

"ప్రభూ," అన్నాడు వంగి, చెవిలో. "నా తల పోతుందేమో గానీ చెప్పకుండా ఉండలేను. ఎడమమెట్ల వాళ్ళు ఇవాళ తలపాగాలు తియ్యరట. అప్పు తెచ్చి ఊరు నిలబెట్టింది తామేనని రేపు చాటింపు వేయిస్తారట. వంటశాలలో అనుకుంటుంటే విన్నాను."

భూరివసువు మొహం కందగడ్డయింది. "ఏమిట్రా? ముద్ర మాది, అప్పు మాది, పేరు వాళ్ళు కొట్టేస్తారా? చూస్తాను!" పక్కవాడి డొక్కలో పొడిచాడు. ఆ పక్కవాడు అవతలివాడిని పొడిచాడు. గుసగుస కుడిమెట్ల చివరిదాకా పాకింది.

సూర్యుడు కోటగోడ దిగుతుండగా సభామండపం పైకప్పు లోంచి నల్లటి పొగ దిగింది. పొగలోంచి తాటాకంత రెక్కలతో రాక్షస గబ్బిలం ఒకటి వచ్చి దూలానికి తలకిందులుగా వేలాడింది. దాని మీంచి ధూమ్రజిహ్వుడు నేలకు జారాడు. ఎండిన ఒళ్ళు, మొలకు పులితోలు, చంకలో ఖాళీ నల్లకుండ. పెళ్ళివారింటికి వచ్చిన బంధువులా అందరినీ పలకరించి నవ్వాడు.

"రత్నకూట సభాసదులారా! బంగారం కావాలా?"

భేరి మోగింది. ఎడమమెట్ల వాళ్ళు ఎప్పటిలాగే తలపాగాలు తీసి, ఎప్పటి ఏడుపుకు నోళ్ళు తెరిచారు. అదే క్షణంలో కుడిమెట్ల మీద భూరివసువు తలపాగా తీశాడు. అతని వెనక వరస, ఆ వెనక వరస, అందరూ తీశారు.

కేసరిమల్లు చేతిలో వింజామర ఆగిపోయింది. ఇటు బోడితలలు, అటు బోడితలలు. రత్నకూటం పుట్టాక ఇలాంటిది జరగలేదు. ధూమ్రజిహ్వుడి నవ్వు మాసిపోయింది. చంకలోంచి కుండ కొంచెం జారితే తడబడి పట్టుకున్నాడు. గవాక్షంలో ఎవరో స్త్రీ దేవుడికి దణ్ణం పెడుతోంది. రెండు పక్కలూ ఒక్క మాట మీదున్నాయి కనక మహారాజు లేచాడు. ఒక్క 'వద్దు' అంటే చాలు. ఆయన నోరు తెరిచాడు. మాట్లాడే అలవాటు తప్పిన గొంతు కదా, పట్టేసింది. దగ్గాడు.

ఆ దగ్గు వ్యవధి చాలింది.

"ఒరేయ్, వాళ్ళు తీశార్రా!" అన్నాడు ఉదారభట్టు కళ్ళు నులుముకుని. "వాళ్ళు తీసినప్పుడు మనమూ తీసి కూర్చోవడమా? రేపు పేటలో మొహం ఎక్కడ పెట్టుకోను?" ఒళ్ళో తలపాగా తీసి గబుక్కున నెత్తిన పెట్టుకున్నాడు.

"వద్దు! అయ్యా, వద్దు! ఒక్క క్షణం ఆగండి!" కేసరిమల్లు వింజామర పారేసి మెట్ల మధ్యకు ఉరికాడు. ఎవరు వింటారు? ఎడమమెట్ల పొడవునా తలపాగాలు ఒకటొకటే పైకి లేచాయి. చివరి తలపాగా తలకెక్కగానే భేరి మళ్ళీ మోగింది. మహారాజు దగ్గు తగ్గి, చెప్పేందుకేమీ లేక, కూర్చున్నాడు.

అప్పు ఖాయమైంది.

భూరివసువు ఆనందంతో తొడ చరుస్తూ మెట్లు దిగి వచ్చాడు. "చూశావట్రా! నువ్వు చెప్పినట్టే పెట్టుకున్నారు, దొంగవెధవలు. రేపటినించీ ఈ అప్పు పాపం వాళ్ళదే. మా పక్కకు మచ్చ లేకుండా కాపాడావు." వేలి ఉంగరం తీసి కేసరిమల్లు అరచేతిలో పెట్టాడు. కేసరిమల్లు దాన్ని చూశాడు.  ఎడమవాళ్ళ చేత తలపాగాలు తనే పెట్టించినట్టయింది. ఉంగరం వేళ్ళసందున జారి ఎటో దొర్లిపోయింది.

పైకప్పు నుంచి బంగారు నాణేలు వడగళ్ళలా రాలాయి. తలపాగా ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒక్కటిగా కిందపడి ఏరుకుంటున్నారు. బయట వీథుల్లో జనం జయజయధ్వానాలు చేస్తున్నారు, పాపం, ఎందుకో తెలియకుండానే.

ధూమ్రజిహ్వుడు గబ్బిలం ఎక్కాడు. అది దూలం వదిలి గాలిలోకి లేచింది. కేసరిమల్లు సింహాసనం చేయి మీద కాలుమోపి, పక్కనున్న దీపస్తంభం మీంచి ఎగిరి, దాని కాలు పట్టుకున్నాడు. గోళ్ళు అరచేయి చీల్చాయి. సభ కిందికి జారింది, గోపురాలు కిందికి జారాయి, సంజ కెంజాయలో నగరం పళ్ళెంలో పోసిన నగల్లా మెరుస్తూ చిన్నదైపోయింది.

"దొంగా! కుండ దించు!" అని అరిచాడు.

మాంత్రికుడు వంగి చూశాడు. కోపం లేదు ఆ మొహంలో. "దొంగనా? నేను అడిగాను, వాళ్ళు ఇచ్చారు. నీ కళ్ళముందే కదయ్యా! ఆ సభలో పుట్టనివాళ్ళకు కూడా ఒక మెట్టు వేయించి ఉంటే నా పని కష్టమయ్యేది. ఎవరూ వేయించలేదు."

గబ్బిలం పేట మీదికి వచ్చింది. కేసరిమల్లు తన ఇల్లు గుర్తుపట్టాడు. పెరట్లో దీపం, గుమ్మంలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. లోపల్నుంచి సన్నగా, కొత్తగా ఒక ఏడుపు. అది చెవిన పడీ పడకముందే మాంత్రికుడి చేతిలో ఖాళీకుండ వెలిగింది.

నాంచారమ్మ బిడ్డను ఎత్తుకుని పెరట్లోకి వచ్చింది. దీపం దగ్గరగా పట్టి చూసింది. కేసరిమల్లుకు అంత ఎత్తునుంచి ఆ చిన్నతల తెల్లగా, దూదిపింజలా కనిపించింది. అత్తగారు మోకాళ్ళ మీద కూలబడటం కూడా కనిపించింది.

"మగపిల్లాడు," అన్నాడు ధూమ్రజిహ్వుడు కుండలోకి తొంగిచూసి. "కావాలా నీకు? ఇదిగో, పట్టుకో." చెయ్యి చాచి, కుండ వదిలేశాడు.

కేసరిమల్లు కుడిచేత్తో అడుగున పట్టాడు. ఇక ఒంటి బరువంతా గాయపడిన ఎడమ భుజం మీద వేలాడుతోంది. పైకి ఎక్కాలంటే రెండు చేతులూ కావాలి. దూకితే కుండ పగిలి కొడుకు సగం బతుకు గాలికి పోతుంది. మాంత్రికుడు వెనక్కి జారగిలబడి కళ్ళు మూసుకున్నాడు. అతనికి తొందరేముంది? ఇల్లు దాటిపోయింది, ఊరు దాటిపోయింది, కింద పొగమంచులో ఊబి మొదలైంది. మొసళ్ళు నీళ్ళమీదికి తేలి తలలెత్తి చూస్తున్నాయి.

కుండ వెచ్చగా ఉంది. లోపలినుంచి ఏదో చిన్నగా అరచేతిని తన్నింది. కేసరిమల్లు ఏడవడానికి కూడా నోరు విప్పలేదు, విప్పితే పట్టు సడలుతుందేమోనని.